మొలకెత్తిన విత్తనమూ, ఊడ్చిన చేతులూ

మన అభ్యుదయ కవిత్వంలో తరచుగా కనిపించే ప్రతీకల్లో విత్తనం ఒకటి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచీ, 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టిన తరవాత మరింతగానూ, మన కవులు విత్తనాన్ని నమ్ముకున్నారు. పాతిపెడితే మొలకెత్తుతుంది. తొక్కితే తలెత్తుతుంది. బండను చీల్చుకుని వస్తుంది. అమరుడి దేహం విత్తనం, నెత్తుటి చుక్క విత్తనం, రేపటి ఉదయం మొలక. ఈ వ్యాసం రాస్తున్నవాడు కూడా ఇరవయ్యేళ్ల కిందట అలాంటి కవితలు ఓ పదీ పన్నెండూ రాసి సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకున్నవాడే. కాబట్టి ఇక్కడ చేస్తున్న విమర్శలో సగం ఆత్మవిమర్శ.

ఒక ప్రతీక మనకి ఏం చూపిస్తుందో తెలుసుకోవడం ఎంత అవసరమో, దేన్ని కనబడకుండా చేస్తుందో తెలుసుకోవడం అంతే అవసరం. విత్తనం ప్రతీక చూపించేది ఆశని. ఓడిపోయిన రోజుల్లో ఆ ఆశ అవసరమైంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఆ కవిత్వంలో విత్తనం తనంతట తానే మొలుస్తుంది. దాన్ని ఎవరు చల్లారు, మొలకని ఎవరు పీకారు, ఎవరు మోశారు, ఎవరు మళ్లీ నాటారు, ఎంత కూలికి నాటారు అనే ప్రశ్నలు అందులో పుట్టవు. నేను ద్రాక్షారామంలో ఉంటాను. ఇది గోదావరి తూర్పు డెల్టా. ఇక్కడ వరి సాధారణంగా చల్లిన చోట పండదు. ఒక చోట మొలిచి, వేళ్లతో సహా పెరకబడి, మరో చోట నాటబడి పండుతుంది. ఈ రెండు చోట్ల మధ్య మనుషులున్నారు. మన విత్తన కవిత్వంలో కనబడనిది ఆ మనుషులే.

తెలియని పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్పాలి. తొలకరికి కాలవలకి నీళ్లు వదులుతారు. విత్తనాలు ఒక రోజు నానబెట్టి, గోనెసంచుల్లో మండె కట్టి, మొలక ముక్కు కనబడగానే దమ్ము చేసిన మడిలో చల్లుతారు. దీన్నే పుస్తకాల్లో నారుమడి అంటారు, మా వైపు ఆకుమడి అంటారు. ఎకరం చేనుకి సుమారు 5 సెంట్ల ఆకుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి. నాలుగు వారాలు పెరిగిన మొలకలకి 'ఆకు' అనే పేరు. పట్నంలో ఉన్న పాఠకుడు 'ఆకుతీత' అనే మాట వింటే తమలపాకులు కోయడం అనుకోవచ్చు. ఆకుతీత అంటే నారు పీకి, వేళ్లకి అంటిన మట్టి నీళ్లలో జాడించి, కట్టలు కట్టడం. ఆ కట్టల్ని దమ్ము చేసిన చేలోకి చేర్చి, విప్పి, రెండు మూడు మొక్కలు కలిపి బురదలో గుచ్చడం ఊడుపు. ఊడిచిన నారు కొద్దిరోజులు వాడి, పసుపుపచ్చగా తిరిగి, తరవాత కొత్త వేరు పట్టి పచ్చబడుతుంది. రైతులు దాన్ని 'మూన తిరిగింది' అంటారు.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు సార్వాలో చదరపు మీటరుకి 33 కుదుళ్లు ఉండాలని చెబుతారు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి 1,33,000కు పైగా కుదుళ్లు. పదిమంది ఆడవాళ్లు ఒక రోజులో ఎకరం ఊడ్చారనుకుంటే ఒక్కొక్క మనిషి వేళ్లు ఆ రోజు 13,000 సార్లు బురదలోకి వెళ్లి వచ్చాయన్నమాట. ఈ లెక్క నేను నలభై దాటిన తరవాత మొదటిసారి వేసుకున్నాను. ఎం.ఏ. తెలుగులో ఛందస్సులో గణాలు లెక్కపెట్టడం నేర్చుకున్నవాణ్ణి, ఇంటి వెనకాల చేలో ఉన్న ఈ లెక్క వేసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

వేసుకునేలా చేసింది మా తరగతిలోని ఒక అమ్మాయి. తొమ్మిదో తరగతి పిల్లలకి 'ఆకుమడి' మీద ఒక పేజీ వ్యాసం రాయమన్నాను. చాలామంది 'పచ్చని తివాచీ', 'ప్రకృతికాంత', 'పిల్లగాలికి తలలూపే మొలకలు' రాశారు. నేను సంతోషించి ఎనిమిదేసి మార్కులు వేశాను. ఆ అమ్మాయి అరపేజీ రాసింది. వాళ్లమ్మ ఎన్నింటికి లేస్తుంది, జట్టులో ఎంతమంది, గుత్తకి ఒప్పుకుంటే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది, ఊడుపుల్లో ఎన్ని రోజులు పని దొరుకుతుంది, అన్నీ వరసగా రాసింది. చివర రెండు వాక్యాలు: "ఆకుమడి పచ్చగా ఉంటుంది. ఆ నెల మా అమ్మ వేళ్లు నాని తెల్లగా ఉంటాయి." నేను ఎర్ర సిరాతో 'వర్ణన చాలదు' అని రాసి నాలుగు మార్కులు వేశాను.

ఆ కాగితాలు పంచిపెట్టిన రాత్రి నిద్ర పట్టలేదు అని రాస్తే అది కూడా వర్ణనే అవుతుంది. నిద్ర పట్టింది. నెల తరవాత, ఒక యువకవి సంపుటికి ముందుమాట రాస్తూ, అందులో విత్తనం మొలకెత్తిన చోటల్లా 'అద్భుతమైన అభివ్యక్తి' అని గుర్తు పెట్టుకుంటూ ఉండగా, ఆ రెండు వాక్యాలు జ్ఞాపకం వచ్చాయి. పచ్చదనానికీ తెల్లబడ్డ వేళ్లకీ ఉన్న సంబంధాన్ని పధ్నాలుగేళ్ల పిల్ల చూసింది. శ్రమకీ ఉత్పత్తికీ ఉన్న సంబంధం గురించి ఉపన్యాసాలిచ్చే నేను దాన్ని వర్ణనా లోపం అన్నాను. నా కొలబద్ద ఎక్కణ్నుంచి వచ్చింది? ఈ ప్రశ్న నాకొక్కడికే సంబంధించినదైతే పత్రికకి ఎక్కించనక్కరలేదు.

మనలో చాలామందికి విత్తనం ప్రతీక పొలం నుంచి రాలేదు, పుస్తకం నుంచి వచ్చింది. 1878లో పుస్తకంగా వచ్చిన 'ఆంటీ డ్యూరింగ్'లో ఎంగెల్స్ అభావానికి అభావం అనే గతితార్కిక సూత్రాన్ని వివరిస్తూ బార్లీ గింజని ఉదాహరణగా తీసుకున్నాడు. తగిన నేల, వేడి, తేమ దొరికితే గింజ గింజగా నశించి మొక్క అవుతుంది, మొక్క పెరిగి పండి, తాను నశించి అనేక గింజల్నిస్తుంది. అధ్యయన తరగతుల్లో మనం ఇంతవరకే చెప్పుకుని, ఇంతవరకే కవిత్వం చేసుకున్నాం. ఎంగెల్స్ అక్కడితో ఆగలేదు. తోటమాలి నేర్పుతో విత్తనాన్నీ మొక్కనీ సాకితే గింజలు ఎక్కువ రావడమే కాదు, మేలురకం గింజలు వస్తాయని అన్నాడు. ఇంకా ముఖ్యమైన మాట, బార్లీ మొలకెత్తడం ఈ సూత్రం కిందికి వస్తుందని తెలిసినంత మాత్రాన ఎవరూ బార్లీ పండించలేరని హెచ్చరించాడు. అంటే ప్రతి వస్తువుకీ దాని మార్పు జరిగే ప్రత్యేకమైన తీరు ఉంటుంది, దాన్ని విడిగా తెలుసుకోవాల్సిందే. మనం సూత్రాన్ని అందుకుని హెచ్చరికని వదిలేశాం. మా డెల్టాలో ఆ 'తగిన నేల, తేమ' కూడా ప్రకృతి ఊరికే ఇచ్చినవి కావు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన చేతులు, కాలవలు తవ్విన చేతులు, దమ్ము చేసిన కాళ్లు వాటి వెనక ఉన్నాయి.

ఇక మన సాహిత్యంలో ఈ పని ఎక్కడెక్కడ కనబడుతుందో చూద్దాం. ఇది సమగ్ర పరిశీలన కాదు, దారి తెలుసుకోవడానికి నాలుగు మైలురాళ్లు మాత్రమే.

ద్రాక్షారామం పేరు చెప్పగానే సాహిత్య విద్యార్థికి శ్రీనాథుడి 'భీమేశ్వర పురాణం' గుర్తొస్తుంది. క్షేత్ర మహిమ చెప్పే కావ్యంలో కూలి రేట్లు వెతకడం విమర్శ కాదు, అజ్ఞానం. కాని ఆ శ్రీనాథుడే చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున పొలం గుత్తకి తీసుకుని, పంట దక్కక, పన్ను కట్టలేక అవమానాల పాలయ్యాడని చాటువుల సంప్రదాయం చెబుతుంది. కవిసార్వభౌముడి పేరుతో నిలిచిన పద్యాల్లో వ్యవసాయం నష్టంగా, శిస్తుగా, నిజంగా తగిలింది ఆ చాటువులోనే. పొలంతో ఆర్థిక సంబంధం పడ్డప్పుడు గాని పొలం వర్ణనని దాటి రాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మా పక్కవాడే అనదగ్గ కథకుడు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి. పుట్టింది పొలమూరు. ఆయన గొప్ప కథల్లో ఒకటైన 'వడ్లగింజలు' పేరులోనే వరి ఉంది. కాని ఆ గింజలు చదరంగం గళ్లల్లో రెట్టింపవుతూ పోయే గింజలు. పేదవాడి ప్రతిభకి సంస్థానం ఇవ్వాల్సిన బహుమానం అవి. కథ అద్భుతం, తెలుగు నుడికారం అద్భుతం. అయినా గోదావరి జిల్లా కథలో వడ్లగింజ లెక్కగా రెట్టింపయింది గాని, మడిలో పడి మొలవలేదు. దాన్ని లోపంగా చెప్పడం లేదు. ఆ కథ అగ్రహారపు అరుగు మీంచి చూసిన లోకం, అక్కణ్నుంచి గాదె కనబడుతుంది, ఆకుమడి కనబడదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. అందులో పొలం మొట్టమొదటిసారి కూలి ప్రశ్నగా నవలలోకి వచ్చింది. సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోవడం వెనక ఉన్నది ప్రకృతి వైపరీత్యం కాదు, కూలికీ ఆసామికీ ఉన్న సంబంధం. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం'లోని 'ప్రతిజ్ఞ'లో శ్రీశ్రీ కర్షకుడి చెమటని కవిత్వ సింహాసనం మీద కూర్చోబెట్టాడు. అది చారిత్రకమైన అడుగు. కాని అక్కడ పొలానికి గుర్తు నాగలి. నాగలి పట్టుకునేది మగవాడు. ఆ తరవాత మన పోస్టర్ల మీదా, పుస్తకాల అట్టల మీదా నాగలి భుజాన వేసుకున్న మగమనిషే 'రైతాంగం' అయ్యాడు. దున్నడం కవిత్వమైంది, ఊడుపు కాలేదు. కోనసీమ మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాసి ఎందరో దళిత యువకుల్ని బడి వైపు నడిపించాడు. పాలేరు బడికెళ్లాడు. అతని తల్లీ చెల్లెలూ చేలోనే ఉన్నారు, వాళ్ల నాటకం ఇంకా రాయాల్సే ఉంది.

జానపద గేయ సంకలనాలు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. బిరుదురాజు రామరాజు సిద్ధాంత గ్రంథం వచ్చినప్పటినుంచీ, మా గోదావరి సీమలో నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి పాటలు పోగుచేసినప్పటినుంచీ శ్రామిక గేయాలనే శాఖ ఒకటి స్థిరపడింది. ఆ శ్రమకి మనం రుణపడి ఉన్నాం. కాని పరీక్షల కోసం ఊడుపు పాట చదువుకునే విద్యార్థి నేర్చుకునేదేమిటి? 'శ్రమను మరిపించేది పాట'. నేనూ ఇదే బోర్డు మీద రాసి చెప్పాను. పాట ఎవరి కోసం శ్రమని మరిపిస్తుంది? గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డవాడికి శ్రమ కనబడకుండా పోతుంది, నిజమే. వంగినవాళ్లకి మాత్రం పాట అయిపోయాక కూడా నడుం ఉంటుంది.

భాష కూడా ఈ చూపుకి సాక్ష్యం చెబుతుంది. 'ఊడ్చు' అనే క్రియకి తెలుగులో రెండు అర్థాలు: వాకిలి ఊడవడం, నారు నాటడం. రెండూ వంగి చేసే పనులు, రెండూ ఆడవాళ్లు చేసే పనులు. రెండింటినీ సాహిత్యం పనిగా గుర్తించలేదు.

రెండు సామెతల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన భావజాలం పుస్తకాల్లోకంటే సామెతల్లో గట్టిగా ఉంటుంది. మొదటిది 'నారు పోసినవాడు నీరు పోయడా'. దేవుడి మీద భారం వెయ్యడానికి ఇంతకంటే మెత్తని మాట లేదు. ఇందులో చల్లిన మనిషీ, నీరు పెట్టిన మనిషీ ఇద్దరూ మాయమై ఆ స్థానంలో పైవాడు వచ్చి కూర్చుంటాడు. మా డెల్టాలో నీరు పోసినవాడు కాటన్ దొర అని ఇంకో వరస. చాలా ఊళ్లలో ఆయన విగ్రహాలున్నాయి. ఆయన ప్రతిభని కాదనను. కాని దేవుడి స్థానంలో దొరని కూర్చోబెడితే భావవాదం భౌతికవాదం అయిపోదు. ఇక కాలవకి నీళ్లు ఆలస్యమైతే మడిలో ఆకు ముదురుతుంది, ముదురు ఆకు ఊడిస్తే పిలకలు తగ్గుతాయి. అప్పుడు నీరు పోయనివాడు ఎవడో అడగడానికి ఆ సామెతలో చోటు లేదు.

రెండోది 'మొక్కై వంగనిది మానై వంగునా'. ఇది మా ఉపాధ్యాయుల సామెత, పిల్లల వీపు మీద బెత్తానికి సాహిత్య ప్రమాణం. ఆకుమడి దగ్గర నిలబడి చూస్తే ఈ సామెత తలకిందులుగా కనబడుతుంది. అక్కడ మొక్క వంగదు. మొక్కని నిలబెట్టడానికి మనిషి వంగుతుంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, ఏళ్ల తరబడి వంగి, ఒక వయసు వచ్చేసరికి తిన్నగా నిలబడలేకపోతుంది. విత్తనానికి పేరుంది. 1925లో మొదలైన మార్టేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029ని దేశమంతా స్వర్ణ అని పిలుచుకుంది. స్వర్ణని ఎకరాలకెకరాలు బురదలో నిలబెట్టిన మనిషికి మస్తరులో తప్ప పేరు లేదు.

ఇదంతా సాహిత్య చర్చ మాత్రమే అయితే తొందర లేకపోను. కాని వాస్తవం మనకోసం ఆగడం లేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, పెట్టుబడి తిరిగి రాదు, పండించం అన్నారు. వేలాది ఎకరాలు బీడుపడ్డాయి. ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వాన కమిటీ వేసింది. 2022లో మురుగు కాలవల దుస్థితి, ధాన్యం డబ్బు ఆలస్యం కారణాలతో మళ్లీ అదే మాట వినబడింది. అన్నం పెట్టేవాడు అన్నం పండించనని అనడం ఎంత పెద్ద సంగతో మన రచయితలు గుర్తించారు, రైతు గురించి కవితలు వచ్చాయి. కాని 'రైతు' అనే మాటలో భూమి ఉన్న ఆసామీ, కౌలుదారూ, కూలీ ఒకటైపోయారు. ఆకుమడి పొయ్యని ఏడు ఆసామికి నష్టం తగ్గింది. కౌలుదారుకి అప్పు ఆగింది, బతుకూ ఆగింది. ఊడుపుల కూలి మీద బడి పుస్తకాలు కొనుక్కునే ఇంట్లో ఏం జరిగింది? దీని మీద కథ కోసం నేను వెతుకుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆకుమడే తగ్గిపోతోంది. దమ్ములో నేరుగా విత్తనం వెదజల్లుతున్నారు. డ్రమ్ సీడరు వచ్చింది. ట్రేలలో నారు పెంచి యంత్రంతో నాటుతున్నారు. 1983లో మడగాస్కర్‌లో హెన్రీ ద లాలనియే అనే ఫ్రెంచి మతాచార్యుడు లేతనారు, ఒక్కొక్క మొక్కగా దూరం దూరంగా నాటే పద్ధతికి రూపమిచ్చాడు. అది 'శ్రీ వరి' పేరుతో 2003 నుంచి మన పొలాల్లోకీ వచ్చింది. సాంకేతికం మారడాన్ని చూసి కన్నీరు పెట్టుకునే సాహిత్యం మొదలవుతుందని నా భయం. 'ఆ ఊడుపు పాటలేవీ, ఆ పచ్చని రోజులేవీ' అనే కవితలు అప్పుడే కనబడుతున్నాయి. వాటితో నాకు ఏకీభావం లేదు. నడుంనొప్పి మన సంస్కృతి కాదు. పదమూడు వేలసార్లు వంగే పని యంత్రం చేస్తే అది మంచిదే. ప్రశ్న ఏమంటే, యంత్రం ఎవరిది, మిగిలిన కూలి డబ్బు ఎవరి జేబులోకి వెళ్లింది, చేలోంచి లేచి నిలబడ్డ మనిషి ఎక్కడికి వెళ్లింది? కొందరు కడియం నర్సరీల్లో సంచులకి మట్టి నింపుతున్నారు. కొందరు గల్ఫ్ దేశాల్లో ఇళ్లు ఊడుస్తున్నారు. చేలో ఊడిచిన చేతులు వాకిళ్లు ఊడవడానికి సముద్రం దాటాయి. అక్కడ వాళ్లు మూన తిరిగారో లేదో మన కథకి తెలియదు.

'కవిత్వం వ్యవసాయశాఖ కరపత్రం కాదు' అని నా మిత్రుడొకడు ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి అన్నాడు. కాదు. 5 సెంట్ల మడీ, 33 కుదుళ్లూ కవితలో రాయమని నేను అడగడం లేదు. అవి తెలిసినవాడి చేతిలో ప్రతీక మారుతుందని మాత్రం అంటున్నాను. విత్తనం తనంతట తానే మొలుస్తుందని నమ్మేవాడు ఉద్యమం కూడా తనంతట తానే వస్తుందని నమ్ముతాడు, రానప్పుడు ప్రజల్ని తిట్టుకుంటాడు. ఆకుమడి చూసినవాడికి తెలుస్తుంది, మొలక తేలిక, మూన తిరగడం కష్టం అని. ఊడ్చిన తరవాత నారు వాడిన ఆ కొద్దిరోజుల గురించి మన దగ్గర కవిత్వం లేదు. మన సంఘాలకీ, మన కార్యకర్తలకీ అన్నిటికంటే ఎక్కువ అవసరమైంది ఆ రోజుల గురించిన కవిత్వమే.

ఆ అమ్మాయిని పిలిచి కాగితం వెనక్కి తీసుకున్నాను. 'వర్ణన చాలదు' కొట్టేసి మార్కులు దిద్దాను. ఎందుకు దిద్దానో తరగతిలో చెప్పి, ఆ వ్యాసం చదివి వినిపించమన్నాను. చదివింది. చదివాక వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు, "మా అమ్మ కూడా ఆ జట్టులోనే మేష్టారూ" అన్నాడు. అతని వ్యాసంలో పచ్చని తివాచీ ఉంది. దానికి నేను ఎనిమిది మార్కులు వేసి ఉన్నాను.